అప్‌డేట్ తర్వాత ఆగిన కంప్యూటర్లు: బాధ్యత ఎవరిది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ తర్వాత మన సంఘ కార్యాలయాల్లోనూ ఇళ్లలోనూ ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది: కొత్త విండోస్‌కు మారాలా, ఉన్నదానితోనే నెట్టుకురావాలా? జంకేవారి భయం ఒకటే. బాగా నడుస్తున్న కంప్యూటరు అప్‌డేట్ చేశాక ఆగిపోతే? దానంతటదే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూ ఉంటే? ఈ భయం ఊరికే పుట్టింది కాదు. దానికి బలమైన ఉదాహరణను లోకమంతా చూసింది.

2024 జూలై 19, శుక్రవారం. మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అమెరికాకు చెందిన సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్, తన ఖాతాదారుల విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. 78 నిమిషాల్లో తప్పు తెలుసుకుని వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే అది చాలా కంప్యూటర్లలోకి చేరింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలితెర చూపి కూలబడ్డాయి. లోకంలోని మొత్తం విండోస్ కంప్యూటర్లలో ఇవి ఒక శాతం కూడా కావు. అయినా విమానాలు నిలిచిపోయాయి. బ్రిటన్‌లో వైద్యుల అపాయింట్‌మెంట్ల వ్యవస్థ స్తంభించింది, స్కై న్యూస్ ప్రసారం కాసేపు ఆగింది. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మన దేశంలో 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు తెలిపింది. ఒక శాతానికి లోపే ఇంత గందరగోళమా అంటే, ఆ కంప్యూటర్లన్నీ పదిమందికి సేవ చేసే చోట్ల ఉన్నవి కాబట్టి.

ఇది ఎవరో చేసిన దాడి కాదు, ఒక లెక్క తప్పు. ఆ అప్‌డేట్‌లోని నిబంధన 21వ అంశాన్ని చూడమంది. కంప్యూటరులో ఉన్న ప్రోగ్రామ్‌కు అందినవి 20 అంశాలే. లేని అంశం కోసం అది తనది కాని మెమరీలోకి వెళ్లింది. మామూలు ప్రోగ్రామ్ ఇలా చేస్తే అదొక్కటే మూతపడుతుంది. కానీ ఈ భద్రతా ప్రోగ్రామ్ విండోస్ గుండెకాయలాంటి కెర్నల్‌లో పనిచేస్తుంది. అక్కడ తప్పు జరిగితే, సమాచారం పాడవకుండా విండోస్ మొత్తం ఆగిపోతుంది. రీస్టార్ట్ కాగానే అదే ప్రోగ్రామ్ మొదట్లోనే లేచి, అదే ఫైలు చదివి, మళ్లీ కూలుతుంది. పంపేముందు తప్పులు పట్టవలసిన పరీక్షా సాధనంలోనూ లోపం ఉండడంతో ఆ ఫైలు బయటికి వచ్చేసింది. అదీ కొద్దిమందికి పంపి చూడకుండా, అందరికీ ఒకేసారి.

పంపడానికి ఒక మీట చాలింది గాని బాగుచేయడానికి చాలాచోట్ల ఒక్కో కంప్యూటరు దగ్గర ఒక్కో మనిషి కూర్చోవలసి వచ్చింది. సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును చేత్తో తీసేయాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. జూలై 25 నాటికి 97 శాతం బాగుపడ్డాయంటే, రాత్రింబవళ్లు కూర్చున్న సాంకేతిక సిబ్బంది చలవే అది. ఈలోగా సాయం చేస్తామంటూ నకిలీ వెబ్‌సైట్లతో మోసగాళ్లూ దిగారు.

ఇంత జరిగాక, అసలు అప్‌డేట్లే వద్దనుకోవచ్చు గదా అని కొందరు అడుగుతారు. వారికి 2017ను గుర్తుచేయాలి. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. రెండు నెలలైనా దాన్ని వేసుకోని కంప్యూటర్లు చాలా మిగిలాయి. మే 12న వానక్రై అనే వైరస్ వచ్చి వాటిలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అప్‌డేట్ వేసి నష్టపోయినవారు ఒక ఫైలు తీసేసి తేరుకున్నారు. వేసుకోక నష్టపోయినవారిలో ఎందరికో సమాచారమే పోయింది.

కాబట్టి అప్‌డేట్ మానడం జవాబు కాదు. పంపేవారిని జవాబుదారీగా నిలబెట్టడమే జవాబు. క్రౌడ్‌స్ట్రైక్ ఇప్పుడు విడతలవారీగా పంపుతోంది, ఎప్పుడు తీసుకోవాలో ఖాతాదారులకు కొంత వీలిచ్చింది. కూలిన కంప్యూటరును నెట్‌వర్క్ ద్వారానే బాగుచేసే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో తెచ్చింది. మంచిదే. అయితే ఇవన్నీ నష్టం జరిగాక వచ్చిన జాగ్రత్తలు. సుమారు 50 కోట్ల డాలర్లు నష్టపోయామన్న డెల్టా విమాన సంస్థ కోర్టుకెక్కగలిగింది. ఒక రోజు కూలి, ఒక పరీక్ష, ఒక వైద్యం పోగొట్టుకున్న సామాన్యుడు ఏ కోర్టుకెక్కగలడు? పెద్ద సంస్థల లైసెన్సు ఒప్పందాల్లోని చిన్న అక్షరాలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవు. ప్రభుత్వాలే చెప్పించాలి.

ఇక మన వంతు. సంఘ కార్యాలయంలోనో ఇంట్లోనో అప్‌డేట్ తర్వాత కంప్యూటరు ఆగిపోతుంటే, ముందు నీలితెర లేదా నల్లతెర మీది కోడ్‌ను ఫోనుతో ఫొటో తీసుకోవాలి. ప్రింటరు, పెన్‌డ్రైవ్, ప్రొజెక్టరు తీగలన్నీ విప్పి చూడాలి. రెండు మూడుసార్లు తెరుచుకోకపోతే విండోస్ మామూలుగా రికవరీ తెర చూపుతుంది. అందులో ట్రబుల్‌షూట్‌కు, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు వెళ్తే చివరిగా వచ్చిన అప్‌డేట్‌ను తీసేయవచ్చు. అది కుదరకపోతే సేఫ్ మోడ్‌లో తెరిచి, కొత్తగా వేసిన ప్రోగ్రామ్‌నో డ్రైవర్‌నో తీసి చూడాలి. ప్రతిదానికీ అప్‌డేట్‌నే తప్పుపట్టకూడదు. దుమ్ముతో నిండిన ఫ్యాను, పాడైన ర్యామ్, హెచ్చుతగ్గుల కరెంటు కూడా ఇలాగే రీస్టార్ట్ చేయిస్తాయి. తెలియని నంబరు నుంచి ఫోన్ చేసి బాగుచేస్తామనేవారికి మాత్రం కంప్యూటరు అప్పగించవద్దు.

వీటన్నిటికంటే ముందు చేయవలసింది ఒకటుంది. సభ్యుల జాబితా, కానుకల లెక్కలు, బాప్తిస్మపు రికార్డులు ఒకే కంప్యూటరులో ఉంటే, ఈ వారమే మరో డిస్కులోకి నకలు తీయించండి. బిట్‌లాకర్ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వివాహ రిజిస్టరు పుస్తకాన్ని పాతదని మూలకు నెట్టకండి. అప్‌డేట్‌ను శనివారం సాయంత్రం కాక సోమవారం చేయండి, ఆదివారం ఆరాధనకు ఇబ్బంది రాదు. ఈ పనంతా మన సంఘాల్లో తరచుగా జీతం లేని ఒక యువకుడో యువతో చూస్తుంటారు. తెర ఆగిన ఆదివారం వారిమీద విసుక్కునే ముందు, ఆ డిస్కు కొనడానికి సంఘం డబ్బిచ్చిందా అని మనల్ని మనం అడుగుదాం.