పడమటి గోడకు బొగ్గు రంగా?

పోయిన వారం మన కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో ఒక కొత్త ఇంటి ముందు ఆగిపోయాను. మూడంతస్తుల ఇల్లు. ముందు గోడంతా బొగ్గు రంగు, బాల్కనీ అంచులకు నారింజ పట్టీ, మెట్ల గదికి ఊదా. ఈ కాంబినేషన్ ఎవరు చెప్పారని నిచ్చెన మీదున్న పెయింటర్‌ను అడిగాను. "ఓనర్ ఫోన్ల ఫోటో పెట్టిండు సార్. దుబాయ్‌ల ఉంటడు. అచ్చం గిట్లనే రావాలన్నడు" అన్నాడు. ఆ బొగ్గు రంగు గోడ నిలబడింది పడమటి దిక్కున.

ఆ యజమాని మీద నాకు కోపం లేదు. ఎడారి ఎండలో ఏళ్ళ తరబడి చెమటోడ్చి ఇల్లు కట్టుకున్న మనిషికి నచ్చిన రంగు వేసుకునే హక్కుంది. కానీ ఆయన పనిచేసే దేశంలో జనం ఉండే పాత ఇళ్ళ రంగేమిటో ఆయనకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది: ఇసుక రంగు, లేదా తెలుపు. ఎండ దెబ్బ ఎరిగిన ఊళ్ళన్నీ అంతే. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో గదికొక ఏసీ పెట్టుకుని వేసే ముదురు బూడిద రంగును, కరెంటు బిల్లు చూసి కూలర్ ఆపేసే మన ఇళ్ళకు అంటగట్టినవాళ్ళ మీదే నా కోపమంతా.

మే నడుమ మిట్టమధ్యాహ్నం మనకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ గోడల కంటే స్లాబుకే దెబ్బ ఎక్కువ. ఒంటిగంట దాటాక ఎండ పడమటి గోడ మీదికి దిగి పొద్దుగూకేదాకా కదలదు. తెల్ల పూత ఆ ఎండలో నూటికి 80 పాళ్ళ దాకా వెనక్కి కొడుతుంది. బొగ్గు రంగు 10 పాళ్ళు కొడితే గొప్ప, మిగతాదంతా గోడే తాగుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ సాయంత్రం దాకా తాగిన వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పది గంటలకు మంచమెక్కిన పిల్లలు చెమటకు లేచి కూర్చునేది అందుకే. ఇల్లంటే ఫోటోలో కనబడేది అనుకుంటే ఈ లెక్క అక్కర్లేదు. పడుకునేది అనుకుంటే మాత్రం రంగు ఎంపిక మొదలవ్వాల్సింది ఇక్కడే.

మన పెద్దలకు ఈ లెక్క తెలుసు. దసరా వస్తుందంటే గోలెంలో సున్నపు గడ్డలు నానేసేవారు. అవి కుతకుతా ఉడికి, చల్లారి, వెన్నలా అయ్యాక వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపి కుంచెతో రెండుసార్లు పూసేవారు. తడి మీద బూడిదగా కనిపించిన గోడ ఆరేకొద్దీ తెల్లబడుతూ వచ్చేది. అడుగున మోకాలెత్తు దాకా జాజు పట్టీ. వాన చినుకులు మట్టిని ఎగజిమ్మినా ఆ ఎర్రదనంలో మరక తెలిసేది కాదు. తలుపులకు నీలమో పచ్చో, కడపకు పసుపు. పెంకుల కప్పు ఎరుపు ఎలాగూ ఉండేది. తెలుపు, జాజు, నీలం, పసుపు: ఇంతకంటే మంచి కాంబినేషన్‌ను ఏ షేడ్ కార్డూ ఇవ్వలేదన్నది నా గట్టి నమ్మకం.

అది అందం కోసమే చేసిన పని కూడా కాదు. సున్నంలోని ఘాటుకు నాచు, బూజు బతకవు. పూసిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. గోడలో చెమ్మ ఉంటే బయటికి పోనిస్తుంది. జాజు ఇనుప మన్ను, ఎండకు వెలవదు. ఇప్పుడు వేస్తున్న ఊదాలు, చిలకాకుపచ్చలు, మెరిసే ఎరుపులు చాలావరకు అలాంటివి కావు. రెండు మూడు ఎండాకాలాలకే పాలిపోతాయి. అదీ ఎండ పడినచోట ఒక తీరుగా, సజ్జ నీడలో ఇంకో తీరుగా. అప్పుడు కంటికి కనబడేది ఎంచుకున్న రంగు కాదు, దాని మరకలు. 2025 ఆగస్టు ఆఖరులో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానలకు గోడలు నిలువునా నానాయి. నానిన గోడ మీద పైపూత గాలాడనివ్వకపోతే బుగ్గలు లేచి పెచ్చులూడటం ఖాయం. పాత గోడలు ఎలా నిలుస్తాయో చూడాలంటే మన జిల్లాలోనే దోమకొండ గడీకోట ఉంది. దాన్ని నిలబెట్టిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు ఎలివేషన్ డిజైన్ల కోసం ఫోన్ తిరగేసే ముందు ఒక్కసారి వెళ్ళి ఆ గోడలు చూసి రావాలి.

ఇప్పుడు అందరూ సున్నమే వేసుకోవాలని నేననడం లేదు. సిమెంటు ప్లాస్టర్ మీద ఎమల్షనే వేస్తారు, వేయనివ్వండి. కాని షాపులో చేతిలో పెట్టే కార్డు మీద అగ్గిపెట్టెంత లేని ముక్కను చూసి ఇల్లంతటికీ ఖరారు చేయడం అన్యాయం. కార్డు మీద లేతగా ఉన్నది గోడంతా పరుచుకుంటే గాఢంగా కనబడుతుంది. ట్యూబులైటు కింద గోధుమ రంగు పొద్దున ఎండలో పసుపు కొడుతుంది. ప్లాస్టర్ చేసి నెల తిరగకుండానే గృహప్రవేశం ముహూర్తమని లప్పం, ప్రైమర్, రంగు మూడూ వారంలో లాగించేస్తున్నారు. ఆరని సిమెంటులోని క్షారం ఆ రంగును తినేస్తుంది, తిట్లు మాత్రం పెయింటర్‌కు. అతను ముక్కుకు గుడ్డ కట్టుకుని లప్పం రుద్దుతూ మింగే దుమ్ము సంగతి ఎవరూ పట్టించుకోరు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి దేశమంతటా అమల్లో ఉంది. డబ్బా కొనేటప్పుడు దాని మీద ఆ సంగతి రాసి ఉందో లేదో చూసేవాళ్ళు ఎందరు?

ప్రభుత్వానికి ఈ సంగతులు తెలియవని కాదు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు మీద చల్లదనం పూత లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కే, మిగతా తెలంగాణ అంతటికీ 100. ఇళ్ళ విషయంలో 600 గజాలు, ఆపైన స్థలం ఉంటేనే తప్పనిసరి. ఎల్లారెడ్డిలో 600 గజాల్లో ఇల్లు ఎందరికుంది? 120 గజాల్లో రేకుల కింద ఉడికిపోయే ఇంటికే ఆ పూత ముందు కావాలి. ఆ ఇంటిని ఇష్టానికి వదిలేసి పెద్ద ఇళ్ళకు విధానం రాయడం తలకిందుల వ్యవహారం.

సర్కారుకు రంగులంటే గుర్తొచ్చేది వేరే. పక్క రాష్ట్రంలో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేశారు. హైకోర్టు తీసేయమంటే అవే రంగులకు ఇంకో రంగు జోడించి కొత్త జీవో ఇచ్చారు. దాన్నీ కోర్టు కొట్టేసింది. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా కాదన్నాక గాని ఆ రంగులు దిగలేదు. పూయడానికీ, చెరపడానికీ ఖర్చయింది జనం సొమ్మే. ఈ జబ్బు ఒక్క పార్టీది, ఒక్క రాష్ట్రానిది అనుకోవద్దు. మన దగ్గరా బస్ షెల్టర్, వాటర్ ట్యాంకు, వైకుంఠధామం గేటు చూసి అప్పుడు ఎవరి రాజ్యం నడిచిందో చెప్పేయొచ్చు. బడి గోడ పిల్లలది. దాని మీద ఏ జెండా రంగూ ఉండకూడదు. మధ్యాహ్నం రెండు గంటలకు మూడో తరగతి గదిలో కూర్చోగలిగేలా ఆ కప్పుకు తెల్ల పూత పడితే అది చాలు.

ఈ దసరాకు రంగులు వేయించబోయేవాళ్ళకు నా విన్నపం: డబ్బాలు కొనకముందే పడమటి గోడ మీద రెండడుగుల మేర నమూనా వేయించండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం చూడండి. గోడకు లేత రంగు, అడుగున మట్టి రంగు, కిటికీలకో తలుపులకో మీకు నచ్చిన ముదురు రంగు. మూడు చాలు. ఫోటోలో ఇల్లు ఏ ఊళ్ళోదో, లోపల ఏసీలెన్నో అడగండి. ఇక ఎల్లారెడ్డి మున్సిపాలిటీకి ఒక మాట: వచ్చే మార్చి లోపు మీ ఆఫీసు కప్పుకు, పట్టణంలోని ప్రతి సర్కారు బడి కప్పుకు తెల్ల పూత వేయించండి. 600 గజాల లోపు ఇళ్ళకు సాయం కావాలని హైదరాబాద్‌కు తీర్మానం చేసి పంపండి.