‘లేదు’ వేరు, ‘కనబడలేదు’ వేరు

గత నెల ఒక విద్యార్థి తండ్రి మా మదరసాకు వచ్చారు. ఆయన అన్నగారికి హెపటైటిస్-బి ఉన్నట్లు తేలడంతో ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకున్నారట. వేలి నుండి తీసిన రక్తపు చుక్కను కార్డుపై వేసి, కొద్దిసేపటికే అందరికీ ‘నెగటివ్’ అన్నారట. “మౌల్వీసాబ్! ఇక మాకు భయం లేనట్లే కదా?” అని అడిగారు.

ప్రియ పాఠకులారా! ఈ ప్రశ్న ఏ ఇంటికైనా ఎదురుకావచ్చు.

ఈ పరీక్ష వెతికేది వైరస్ పైపొరకు చెందిన ఒక ప్రోటీన్‌ను. దీనిని హెచ్‌బీఎస్ యాంటిజెన్ అంటారు. దీనిని కనుగొన్న బరూచ్ బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి లభించింది. వ్యాధి ఉన్న నూరుగురిలో ఎందరిని పరీక్ష పట్టుకోగలదో, అదే దాని సున్నితత్వం. అనేక అధ్యయనాలను కలిపి చూడగా కార్డు పరీక్షల సున్నితత్వం సుమారు 90 శాతమని తేలింది. అంటే దాదాపు పదిమంది తప్పిపోవచ్చు. ప్రయోగశాలలో చేసే ఎలీసా పరీక్ష ఇంతకంటే ఎన్నో రెట్లు తక్కువ యాంటిజెన్‌ను సైతం గుర్తిస్తుంది. వైరస్ డీఎన్ఏను వెతికే న్యాట్ పరీక్ష, యాంటిజెన్ బయటపడకముందే వ్యాధిని పసిగట్టగలదు. అయినప్పటికీ వైరస్ సోకిన తొలి రోజులలో ఏ పరీక్షకూ అది చిక్కకపోవచ్చు.

అలాగని కార్డు పరీక్ష నిరర్థకం కాదు. ప్రయోగశాల లేని పల్లెలలో అదే ఆధారం. అది ‘పాజిటివ్’ అని చూపితే చాలావరకు నిజమే, ఎలీసాతో నిర్ధారించుకోవాలి. ‘నెగటివ్’ అన్నప్పుడే ఆలోచన అవసరం.

అందుకే ఆయనకు ఇలా చెప్పాను: “ఇంట్లో రోగి ఉన్నప్పుడు కార్డుతో సరిపెట్టుకోకండి. వైద్యుని సంప్రదించి ఎలీసా, దానితోపాటు కోర్ యాంటీబాడీ పరీక్ష చేయించండి. రక్షణ లేనివారు టీకా పూర్తిగా వేయించుకోండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆలస్యం చేయకండి. పుట్టిన బిడ్డకు 24 గంటల లోపల మొదటి టీకా అందాలి.”

వెళ్లబోతూ ఆయన తలవంచుకుని, “అన్నయ్య పళ్లెం వేరుచేశాము” అన్నారు. ఈ వ్యాధి రక్తం, దాంపత్య సంబంధం, ప్రసవం ద్వారా సంక్రమిస్తుంది. కలిసి భోంచేస్తే కాదు. వేరుచేయవలసినవి బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర. పళ్లెం కాదు.

కాగితంపైని ఒక్క మాటను నమ్మి నిశ్చింతగా ఉండడమూ, తెలియక సొంత అన్నను దూరం పెట్టడమూ రెండూ పొరపాట్లే. పరీక్ష ఏదో, ఎప్పుడు చేశారో అడగండి. పళ్లెం మాత్రం ఈరోజే తిరిగి కలపండి.