సంచికి రేటు సరే, చేతికి కూలి ఏది?

చీమకుర్తిలో రాయికి లెక్క ఉంది. క్వారీలోంచి తీసిన నల్ల గెలాక్సీ దిమ్మెను క్యూబిక్ మీటర్లలో కొలుస్తారు. అంచులు వంకరగా ఉంటే ఆ మేరకు తరుగు వదిలి మరీ కొలుస్తారు. చుక్క దట్టంగా ఉందా, గీత పడిందా అని చూసి రకం తేలుస్తారు. కొనేవాడు ఏ దేశంలో ఉన్నా ఈ లెక్కను కాదనడు. కానీ అదే మండలంలో ఒక పొదుపు సంఘం స్త్రీ గుడ్డ సంచి కుట్టి, దానిమీద పెళ్లివారి పేర్లో, కంపెనీ పేరో అచ్చువేసి ఇస్తే ఆమెకు వినిపించే లెక్క ఒకటే: "ఇంట్లో కూర్చుని చేసేదే కదమ్మా, కాస్త చూసి వెయ్యండి."

ఈ మాట బేరంలా వినబడుతుంది. నిజానికి ఇది స్త్రీల శ్రమను శ్రమగా గుర్తించ నిరాకరించడం.

2022 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులపై దేశమంతటా నిషేధం వచ్చింది. ఆ ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లకంటే పలుచని క్యారీ బ్యాగులూ ఆగాలన్నారు. గుడ్డ సంచి స్త్రీలకు మంచి ఉపాధి అని శిక్షణలు పెట్టారు. కుట్టు నేర్పారు, అచ్చు వెయ్యడం నేర్పారు, బ్యాంకు అప్పు ఎలా తీర్చాలో మరీ శ్రద్ధగా నేర్పారు. ధర ఎలా కట్టుకోవాలో నేర్పేటప్పుడు మాత్రం "ముడిసరుకు ఖర్చు రాసుకోండి, దానిమీద కొంచెం లాభం వేసుకోండి" అని ముగించారు. ఆ రెండింటి మధ్య ఉండాల్సిన కూలి ఏమైంది?

ఒక ఆర్డరు ఉదాహరణగా తీసుకుందాం. 200 సంచులు, ఒకే రంగు అచ్చు. అచ్చులో కొన్ని చెడతాయి కాబట్టి 210 కత్తిరించాలి. గుడ్డ, దారం, ఇంకు కలిపి సంచికి 30 రూపాయలు అనుకుంటే 6,300. ఆ డిజైనుకు స్క్రీను చేయించడానికి 600. కరెంటు, మిషను మరమ్మతు, చార్జీలకు 1,000. ఇక పని. కత్తిరించి, కుట్టి, అచ్చువేసి, ఆరబెట్టి, మడత పెట్టడానికి సంచికి 14 నిమిషాల చొప్పున 49 గంటలు. ఒంగోలు వెళ్లి గుడ్డ తేవడం, నమూనా చూపించడం, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయండి" అంటే మళ్లీ చేయడం, సరుకు అప్పగించడం మరో 11 గంటలు. మొత్తం 60 గంటలు. గంటకు 60 రూపాయలు కడితే 3,600. అన్నీ కలిపి 11,500. వచ్చే నెల పెట్టుబడి కోసం పది శాతం కలిపితే 12,650. అంటే సంచి ధర 63 రూపాయల పైచిలుకు.

కొనేవారు 45 అంటారు. ఆమె ఒప్పుకుంటుంది. 9,000 వస్తుంది. ఖర్చులు 7,900 పోగా మిగిలేది 1,100. అరవై గంటల పనికి గంటకు 18 రూపాయల చిల్లర, ఎనిమిది గంటల రోజుకు 147 రూపాయలు. 2025-26లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో ప్రకటించిన రోజు కూలి 307. మట్టి తవ్వితే వచ్చేదాంట్లో సగం కూడా రాని ఈ పనికి మనం పెట్టిన పేరు సాధికారత!

అచ్చు పనిలో ఇంకో చిక్కు ఉంది. గుంటూరు యార్డులో మిర్చి ఒక వ్యాపారి కొనకపోతే ఇంకొకరికైనా చూపించవచ్చు. ఫలానా వారి పెళ్లి అని తేదీతో సహా అచ్చువేసిన సంచిని వారు వద్దంటే మరెవరూ కొనరు. నష్టమంతా చేసిన చేతిదే. అందుకే సగం అడ్వాన్సు అడగడం మర్యాద తక్కువ పని కాదు, ఆత్మరక్షణ. స్క్రీను ఖర్చూ అంతే. 200 సంచులకు మూడేసి రూపాయలు పడేది 50 సంచులకైతే 12 అవుతుంది. "తక్కువే కదా, ఆ రేటుకే ఇవ్వండి" అనడం ఆమె కూలిలోంచి తొమ్మిది రూపాయలు కోసుకోవడమే.

"ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేదే కదా" అనేవారికి ప్రభుత్వ లెక్కే జవాబు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ ఇంటిపని అయ్యాక నిద్ర తగ్గించుకుని కుట్టే సమయాన్ని ఖాళీ సమయం అనడం ఎవరి భాష?

చట్టం ఏమంటుంది? పీసు లెక్కన చేసే పనికైనా కనీస వేతనం తగ్గకూడదని 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు అన్నది. అయితే ఇవన్నీ కార్మికురాలికి. మన సంఘం స్త్రీని కార్మికురాలు అనరు, పారిశ్రామికవేత్త అంటారు. ఆ బిరుదుతో పాటు ఆమె కూలి హక్కు గల్లంతవుతుంది. యజమానికి ఉండే పెట్టుబడి లేదు, కూలీకి ఉండే చట్టం లేదు. ఇంటి నుంచి పనిచేసే వారికోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది. దానికోసం పట్టుబట్టిన వారిలో మన దేశపు 'సేవ' సంస్థ ముందుంది. మన దేశం మాత్రం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

రేటు దేవుడు రాసిందేమీ కాదు. తెలంగాణలో బడి యూనిఫాం కుట్టుకూలి జతకు 50 నుంచి 2024లో 75 అయింది. అది చాలునా లేదా అన్నది వేరే చర్చ. మార్చదలిస్తే మారుతుందన్నది స్పష్టం. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడూ అది అయ్యే పని కాదనే అన్నారు.

ఇక అసలు మాట. గుడ్డ సంచులకు పెద్ద కొనుగోలుదార్లలో స్వచ్ఛంద సంస్థలు, మహిళా సంఘాలు కూడా ఉన్నాయి. మార్చి 8 సభకు సంచి కావాలి, దానిమీద "స్త్రీల శ్రమకు విలువ" అని అచ్చు కావాలి. మూడు కొటేషన్లు తెప్పించి అన్నింటికంటే తక్కువ దానికి ఆర్డరిస్తారు. తక్కువ వేసింది ఎవరు? తన కూలి వేసుకోని స్త్రీ. ఆడిట్ నియమం అంటారు. తక్కువ ధర చూడమన్న నియమం ఉన్నప్పుడు, కూలి విడిగా రాయని కొటేషన్ చెల్లదన్న నియమం పెట్టుకోవడానికి అడ్డమేమిటి?

కాబట్టి అడుగుదాం. శిక్షణ ఇచ్చే ప్రతి సంస్థా ధర పట్టికలో కూలిని విడి గడిగా నేర్పాలి. కొనే ప్రతి సంస్థా ఆ గడి చూసి కొనాలి, సగం ముందు చెల్లించాలి. ఒక మండలంలోని సంఘాలన్నీ కూర్చుని గంట కూలికి ఒక కనీస రేటు కట్టుకుని, దానికి దిగువన ఎవరూ ఒప్పుకోకుండా నిలబడాలి. ప్రభుత్వం 177వ ఒడంబడికను ఆమోదించాలి.

రాయికి తరుగు వదిలే ఊళ్లో స్త్రీ చేతికి కూలి వదలకూడదు.