మందు ఉన్నచోట మేముంటాం: గడ్‌చాందూర్ ఫార్మసిస్టుల ప్రణాళిక

గడ్‌చాందూర్, కోర్పనా, రాజురా, జివతిలలో పనిచేస్తున్న రిజిస్టర్డ్ ఫార్మసిస్టులం మేము. మొన్న ఇక్కడి ఒక నర్సింగ్ హోమ్‌లో మందుల పొరపాట్ల మీద మీటింగ్ పెట్టారు. డాక్టర్లొచ్చారు, నర్సులొచ్చారు, ఆఖరికి మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌కూ కుర్చీ వేశారు. మాకు కబురే లేదు. మేమే వెళ్తే, “మీ పని కౌంటర్ దగ్గర, వార్డులో మీకేం పని?” అన్నారు. ఆ మాట మాకు మింగుడు పడలేదు.

1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. డాక్టరు తన రోగికి తానే ఇచ్చుకోవచ్చు. ఆ వెసులుబాటు డాక్టరుది, కంపౌండరుది కాదు. రోగికి మందు వివరం చెప్పే బాధ్యతను 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు మా మీద పెట్టాయి. వార్డు గడప తొక్కనివ్వకపోతే ఆ బాధ్యత ఎలా మోయాలి?

మేం అడిగేవి రెండే. రోజుకోసారి ఫార్మసిస్టు కేస్ షీట్ చూడాలి. మా సంతకం లేకుండా డిశ్చార్జి మందులు గేటు దాటకూడదు.

ఎందుకో చెబుతాం. మన దగ్గర ఇన్సులిన్ బుడ్డీ మామూలుగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, పెన్నులోది 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల మందుకు, నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. రాత్రి డ్యూటీ హడావుడిలో 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే, ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. ముసలాయన తెల్లారేసరికి లేవకపోవచ్చు. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ను రోజూ మింగినా ప్రాణం మీదికొస్తుంది. జివతి కొండల నుంచి వచ్చిన తెలుగు అవ్వకు ఇంగ్లీషు డిశ్చార్జి కార్డు చేతిలో పెట్టి పంపిస్తే, ఈ తేడా ఆమెకెవరు చెప్పాలి?

అమెరికాలో 1974 నుంచే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లలో ఫార్మసిస్టు నెలనెలా ప్రతి ఒక్కరి మందులూ చూడాలన్న నిబంధన ఉంది. ఇంగ్లండులో 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో వృద్ధాశ్రమాల్లోని 256 మందిని పరిశీలిస్తే, పదిమందిలో దాదాపు ఏడుగురి మందుల్లో ఏదో ఒక పొరపాటు దొరికింది. మన దగ్గర వెతికిన వాళ్లేరీ?

డబ్బుల్లేవంటారు. నాలుగు చిన్న నర్సింగ్ హోమ్‌లు కలిసి ఒక ఫార్మసిస్టును పెట్టుకోండి. సిమెంటు బస్తా తూకం చూడకుండా ఫ్యాక్టరీ గేటు దాటనివ్వని ఊరు మనది. మనిషి ఒంట్లోకి పోయే మందును ఇంకొకరు సరిచూడనక్కర్లేదా? పడకలు అయిదే ఉన్నా, యాభై ఉన్నా, ఫార్మసిస్టు చూడని మందు రోగి నోటికి చేరని రోజు వచ్చేదాకా మేం తగ్గం. కొండమీది గూడెం మనిషికైనా, కాలనీ ఆఫీసరుకైనా అదే నియమం.

ముందు మా తప్పు మేం దిద్దుకుంటాం. ఇకపై మాలో ఎవరూ మందుల షాపులకు తమ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అద్దెకివ్వరు. తోటి ఫార్మసిస్టులారా, మీరు కూర్చోని షాపు గోడ మీద మీ సర్టిఫికెట్ వేలాడుతుంటే ఈ వారమే దించుకురండి, వచ్చి మాతో ఈ ప్రణాళిక మీద సంతకం పెట్టండి.