ఉబ్బసం పాఠం ఎవరికి చెబుతున్నాం?

నిజామాబాద్ జిల్లాలో బీడీ కార్మికులుండే ఒక బస్తీలో ఉబ్బసం గురించి జరిగిన అవగాహన సదస్సుకు కొంతకాలం క్రితం వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా స్త్రీలే. 'తల్లుల సదస్సు' అని పిలిచారు కాబట్టి మగవాళ్ళు రాకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. గోడకు బొమ్మల చార్టు వేలాడదీసి ఒక స్వచ్ఛంద సంస్థ కార్యకర్త ఓపిగ్గా చెప్పుకుపోయింది. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకాలి. పొడి చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. బొద్దింకలు చేరకుండా వంటిల్లు శుభ్రంగా ఉంచాలి. బిడ్డకు వేళకు మందు ఇవ్వాలి. దుమ్మూ పొగా తగలనివ్వకూడదు.

అంతా విన్నాక వెనక కూర్చున్న ఒకామె అడిగింది: "దుమ్ము ఇంట్లకు రానియ్యొద్దంటున్రు. మా ఇంట్ల చాట నిండ తంబాకే ఉంటది. అది బయట పారేస్తే మేమేం తినాలె మేడం?" కార్యకర్త కాసేపు తడబడి, "ముందు పిల్లల ఆరోగ్యం చూసుకోవాలి కదమ్మా" అని తరవాతి బొమ్మకు వెళ్ళిపోయింది. ప్రశ్న అడిగినామె మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది. నీకెలా ఉందమ్మా అని ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ సిగ్గే కారణం.

ఆరోగ్య విద్య అక్కర్లేదని నేననడం లేదు. ప్రపంచ ఆస్తమా దినం 2024 నినాదమే, విద్య వల్ల రోగికి శక్తి వస్తుందని. అందులో నిజముంది. ఉబ్బసం పూర్తిగా నయం కాకపోయినా అదుపులో ఉంచుకోగలిగిన జబ్బు. శ్వాసనాళాల్లో వాపు దీనికి మూలం. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్‌బుటమాల్ ఆ నాళాలను కాసేపు తెరుస్తుందే గాని వాపును తగ్గించదు. వాపును తగ్గించేది క్రమం తప్పకుండా పీల్చే స్టీరాయిడ్ మందు. అందుకే ఉబ్బస చికిత్సకు మార్గదర్శకాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ 'గీనా' 2019 నుంచి పెద్దవాళ్ళకూ, కౌమారంలో ఉన్నవాళ్ళకూ సాల్‌బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దని చెబుతోంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందనే భయంతో ఏళ్ళ తరబడి స్టీరాయిడ్ మాత్రలు మింగేవాళ్ళను మనమందరం చూశాం. పీల్చే మందు మోతాదు మాత్రలతో పోలిస్తే చాలా తక్కువని వాళ్ళకెవరూ చెప్పలేదు.

విద్యంటే ఎలా ఉండాలో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఇన్‌హేలర్ నుంచి మందు నేరుగా పీల్చడం చిన్నపిల్లలకు చేతకాదు. మధ్యలో స్పేసర్ అనే గొట్టం కావాలి, దాన్ని కొనాలంటే డబ్బు కావాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున రంధ్రం చేసి ఇన్‌హేలర్ అమర్చి చూశారు. ఆయాసంతో వచ్చిన పిల్లలకు అది కూడా కొన్న స్పేసర్‌లాగే పనిచేసిందని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పారేసే సీసాను మందు సాధనంగా మార్చుకోవడం నేర్పితే అది పేదవాళ్ళ చేతికి అందే జ్ఞానం. అయితే సీసా మన చేతిలో ఉన్నా, దానికి అమర్చే ఇన్‌హేలర్ ఎక్కడుంది?

మన సదస్సుల్లో నేర్పేదేమిటో ఒక్కసారి చూడండి. ఉతకడం, తుడవడం, కాచడం, కనిపెట్టి ఉండడం. అన్నీ ఆడవాళ్ళు అదివరకే చేస్తున్న పనులు. వాటికి శాస్త్రం పేరు తగిలించి ఇంకో రెండు గంటల చాకిరీ కలుపుతున్నాం. ఆ నీళ్ళు ఎవరు మోయాలి, కాచడానికి గ్యాసు ఎక్కడిది అని అడగం. పిల్లవాడికి మళ్ళీ పిల్లికూతలు మొదలైతే 'తల్లి నిర్లక్ష్యం' అని రిజిస్టరులో రాసుకుంటాం. పక్కనే కూర్చుని బీడీ కాల్చే తండ్రి మన రిజిస్టరులోకే రాడు.

బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లోనే ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీని కార్మికురాలిగా గుర్తించింది. ఆ ఇల్లు ఆమెకు పనిచేసే చోటు అని మన ఆరోగ్య విద్య మాత్రం ఇంకా గుర్తించలేదు. తంబాకు దుమ్ము పీల్చే బీడీ కార్మికుల్లో దగ్గు, ఆయాసం ఎక్కువని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. ఆ దుమ్ము ఆమె ఇల్లు ఊడవకపోవడం వల్ల వచ్చింది కాదు. తంబాకును గంపలకెత్తి ఇళ్ళకు పంపి, షెడ్డు ఖర్చూ వైద్యం ఖర్చూ మిగుల్చుకునే యజమాని వల్ల వచ్చింది. ఆ యజమానికి మనం ఏ చార్టూ చూపించలేదు.

ఇంకొక సంగతి. చిన్నతనంలో ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ. యుక్తవయసు దాటాక స్త్రీలలో ఎక్కువ. కొందరికి నెలసరికి ముందు ఆయాసం పెరుగుతుంది. అయినా మన కార్యక్రమాల్లో స్త్రీ తల్లిగానే కనిపిస్తుంది, రోగిగా కనిపించదు. సంబంధం తప్పిపోతుందని పెళ్ళికాని పిల్ల ఇన్‌హేలర్ దాచుకుంటుంది. పెళ్ళయ్యాక అత్తగారింట్లో ఆ జబ్బునే దాచుకుంటుంది. కడుపుతో ఉంటే బిడ్డకు చేటని మందు మాన్పిస్తారు. నిజానికి చేటు చేసేది అదుపు తప్పిన ఉబ్బసం. ఇది కోడలికొక్కతెకే చెబితే ఏం లాభం? మందు మాన్పించే అత్తకూ భర్తకూ చెప్పాలి.

పీల్చే స్టీరాయిడ్ బ్యూడెసొనైడ్, సాల్‌బుటమాల్ రెండూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్న మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అలమారాలో లేకపోతే మనమెందుకు నిలదీయం? ఎందుకంటే అవగాహనకు నిధులొస్తాయి, నిలదీయడానికి రావు. చార్టు వేయించడం తేలిక, ప్రతి నెలా మందు తెప్పించడం కష్టం. ఈ మాట ప్రభుత్వానికే కాదు, మన సంస్థలకూ వర్తిస్తుంది.

అందుకని నా ప్రతిపాదనలు ఇవి. 'తల్లుల సదస్సు' అనే పేరు తీసేద్దాం. తండ్రులనూ, అత్తమామలనూ, బడి పంతుళ్ళనూ పిలుద్దాం. వచ్చిన ప్రతి స్త్రీనీ ముందు ఆమె ఊపిరి సంగతి అడుగుదాం. సదస్సు పెట్టే ముందు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఇన్‌హేలర్లు ఉన్నాయో లేవో చూసి, లేకపోతే ఆ స్త్రీలతో కలిసి అర్జీ రాద్దాం. పనిచేసే చోటికి గాలీ వెలుతురూ ఇవ్వడం యజమాని బాధ్యత అని కార్మిక సంఘాలతో కలిసి అడుగుదాం.

ఆ రోజు "మేమేం తినాలె" అని ఒకామె అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని చార్టు ఎంత రంగులద్దినా అబద్ధమే. మళ్ళీ ఆ బస్తీకి వెళ్ళినప్పుడు, చార్టు విప్పకముందే ఆమె పక్కన కూర్చుని నేను అడగాల్సిన మాట ఒకటి బాకీ ఉంది.