ఆసుపత్రి వాకిట బండ్లు



ఇంటికి వచ్చినవారు చెప్పులను గడపకు అడ్డముగా విడిచినచో మనము వానిని ప్రక్కకు జరిపి దారి చేయుదుము. ఆసుపత్రి వాకిలియు అట్టిదే. దానిని నేడు బండ్లు మూసివేయుచున్నవి. ఈ మాసమున దానినిగూర్చి ముచ్చటింపదలచితిమి.

మా బంగారుపాళ్యము చిత్తూరునుండి బెంగళూరునకు పోవు రహదారిపై నున్నది. చిన్న జబ్బులకు ఊరిలోనే మందు దొరకును. పెద్ద జబ్బు వచ్చెనా, చిత్తూరికో, తిరుపతి రుయాకో, స్విమ్సుకో, వేలూరి సీ.ఎం.సీ.కో పోవలసినదే. బస్సెక్కలేని రోగికై అప్పు చేసియైనను కారు మాట్లాడుదురు. అంతదూరము పోయిన పిదప అసలు చిక్కు ఆరంభమగును. తోడుండవలసిన కొడుకు బండి నిలుపుచోటు వెదకుచు సందులు తిరుగుచుండగా, నిలువలేని తల్లి చీటీల వరుసలో ఒంటరిగా నిలుచును.

వేలూరి ఆసుపత్రిని 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒక్క మంచముతో ఆరంభించినది. ఆ తొలి దశాబ్దములలో ఆమె గుడియాత్తము దారిని పోవుచు, చెట్లక్రింద బండి నిలిపి పల్లెవారికి మందు లిచ్చెడిది. నాడు వైద్యుని బండి రోగి యున్నచోట నిలిచినది. నేడు వేలమంది రోగుల బండ్లు ఒక్క వాకిట నిలువజూచుచున్నవి. నగరమధ్యమున చోటు పెరుగదు గదా! 2022లో ఆ సంస్థ రాణిపేటకడ రహదారి ప్రక్కనే క్రొత్త ప్రాంగణమును తెరచి, ప్రమాదములలో గాయపడినవారి చికిత్సను అచ్చటికి మార్చినది. బండి అడ్డులేక లోనికి వచ్చుటయు చికిత్సలో భాగమే యని దీనివలన తెలియుచున్నది.

ఆ చోటు కొందరి చేతిలో చిక్కినచో ఏమగునో 2022 ఏప్రిలులో తిరుపతిలో చూచితిమి. రుయా ఆసుపత్రిలో పదేండ్ల బాలుడు మరణించెను. దేహమును ఊరు చేర్చుటకు అచ్చటి ప్రైవేటు అంబులెన్సువారు అడిగిన సొమ్మును తండ్రి ఇచ్చుకొనలేకపోయెను. బంధువులు కుదిర్చిన బయటి బండిని వారు సాగనీయలేదని పత్రికలు వ్రాసినవి. తుదకు ఆ తండ్రి బిడ్డను మోటారు సైకిలుపై సుమారు 90 కిలోమీటర్లు కొనిపోయెను. ఏ తల్లి హృదయము దీనిని మరువగలదు?

ఆసుపత్రిలో పనిచేయు స్త్రీలను గూర్చియు తలపవలయును. పగటి నర్సు స్కూటరు నిలుపుచోటు దొరకక ఆలస్యమైనచో, రాత్రియంతయు మేలుకొన్న నర్సు ఇల్లు చేరుటయు ఆలస్యమగును. దూరముగా చీకటిలో నిలిపినచో, అర్ధరాత్రి ఆమె ఒంటరిగా నడువవలయును. 2024 ఆగస్టులో కలకత్తాలో ఒక వైద్యురాలు ఆసుపత్రిలోనే హత్యకు గురియైన పిదప సుప్రీముకోర్టు వైద్యసిబ్బంది రక్షణకై జాతీయ కార్యదళమును నియమించినది. దీపమున్న బండ్లచోటును ఆ రక్షణలోనిదే.

ఇతరదేశములలోను ఈ చిక్కు కలదు. బ్రిటనులోని వేల్సువారు 2008లో ప్రభుత్వాసుపత్రులయందు బండ్ల రుసుమును ఎత్తివేసిరి. ఇంగ్లండులో రుసుము మిగిలియున్నను, రాత్రి పనిచేయు సిబ్బందికిని, జబ్బుపడిన బిడ్డకడ రాత్రి యుండు తల్లిదండ్రులకును మినహాయింపు కలదు. ఎవరికి ముందు చోటీయవలయునో వారు నిర్ణయించుకొనిరి. మనమును అట్లు నిర్ణయించుకొనవలదా?

ప్రభుత్వాసుపత్రులకు అభివృద్ధి సంఘములు కలవు. రోగిని దింపుటకు ఒక చోటు, సిబ్బందికి దీపమున్న వేరొక చోటు, అంబులెన్సు దారిలో ఏ బండియు నిలువకుండ కట్టడి: ఈ మూడింటిని అడుగుడని మీ ఊరి పెద్దలతో చెప్పుడు. అంబులెన్సునకు దారి ఈయనివారికి 2019 నాటి చట్టసవరణ ప్రకారము ఆరు మాసములవరకు జైలుగాని, పదివేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఇక మన చేతిలోని పని యొకటి కలదు. బంధువు ఆసుపత్రిలో చేరెనని వినగానే ఇంటిల్లిపాదియు పండ్లబుట్టతో కారెక్కుట మనకు వాడుక. చూడబోకున్న మాట వచ్చునని భయము. ఆ భయమును పెంచువారమును, మాన్పగలవారమును మనమే. రోగికడకు ఇద్దరు చాలును. తక్కినవారు ఇంట పిల్లలకు అన్నము పెట్టి, పశువులను చూచి, రోగి ఇల్లు చేరిన పిదప పలుకరింపవచ్చును. రానివారిని నిష్ఠురమాడకుండుట మన మీయగల పెద్ద సాయము. రోగిని చూచి వచ్చిన పుణ్యమును, వేరొక రోగి దారికి అడ్డుపడి పోగొట్టుకొనరాదు.