ముందు కాంటా, తర్వాత బండి

ఈ రెండు నెలల్లో ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు. "కాకా, చిన్న ట్రైలరు చేయిస్తున్నం. దాన్ని లాగనీకి ఏ బండి కొంటే మంచిది?"

ముగ్గురిదీ మన వాడే, ముగ్గురిదీ సాంచాల ఇల్లే. వారంలో నాలుగు రోజులు సాంచా నడిస్తే మూడు రోజులు నిలబడుతున్నది. చాదర్లు, టవళ్లు వ్యాపారికి పోసి వచ్చేటప్పుడు చేతిలో ఏమీ మిగలడం లేదు. అందుకని మాలు మనమే జాతరలకు తీసుకుపోయి అమ్ముదామని పిల్లల ఆలోచన. రెండు చక్రాల ట్రైలరు. పగలు పక్క పలక పైకి లేపితే దుకాణం, రాత్రి మూసుకుంటే ఇద్దరు పడుకునే జాగా. ఆషాఢి, కార్తీక ఏకాదశులకు పండరిపురం, నవరాత్రులకు తుల్జాపూర్, సంక్రాంతికి మన షోలాపూర్ల సిద్ధేశ్వరుని గడ్డ. లాడ్జి కిరాయి తప్పుతది, మాలు కాపలా కూడా అయితది. ఆలోచన బాగున్నది, నేను కాదనను.

కానీ ఆ ముగ్గురిలో ఒకరి తల్లి, నాకు అక్క వరసామె, వేరేగా వచ్చి ఒక మాట అన్నది. "తమ్మీ, నా మెడలది బ్యాంకుల పెడ్తున్న. ఇంక ఇంట్ల పెట్టడానికి ఏం లేదు. బండి సంగతి మంచిగ చూసి చెప్పు." ఆ మాట విన్నాక ఈ నెల పేజీ దీనికే రాయాలనుకున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. మిల్లు మూతపడ్డాక పన్నెండేళ్లు టెంపో మీద బేళ్లు మోశాను. బరువు, ఘాటు, బ్రేకు, ఈ మూడింటి సంగతి కొంత తెలుసు.

పిల్లలందరూ ముందు బండి పేరు అడుగుతారు. నేను ముందు బరువు అడుగుతాను. "మీ ట్రైలరు ఎంత తూగుతది?" అంటే ఫ్యాబ్రికేషన్ షాపులో చెప్పిన లెక్క చెప్తారు. అది ఖాళీ డబ్బా లెక్క. జాతరకు ఖాళీ డబ్బా పోదు కదా! ఒక మామూలు లెక్క చూడండి. ఇనుప చట్రం, రేకు, చక్రాలు కలిపి 400 కిలోలు. చాదర్లు, టవళ్లు 250. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, 60. పరుపులు, గిన్నెలు, స్టవ్వు, తాడపత్రి, లైటుకు బ్యాటరీ, ఇంకో 60. మొత్తం 770 కిలోలు. షాపులో చెప్పిన 400, రోడ్డు మీదికి వచ్చేసరికి రెండింతలకు దగ్గరైంది. అందుకే అన్నీ నింపి, లారీలు తూచే పెద్ద కాంటా ఎక్కించి చీటీ తీసుకోండి. ఆ చీటీ చేతికి రాకముందు ఏ బండికీ బయానా ఇవ్వొద్దు.

చీటీ వచ్చాక బండి బరువు చూడాలె. బ్రిటన్ దేశంలో ఇట్లాంటి పడక ట్రైలర్లు లాగే కొత్తవాళ్లకు ఒక లెక్క చెప్తారు: నిండిన ట్రైలరు బరువు, లాగే బండి ఖాళీ బరువులో 85 శాతం దాటొద్దని. అది వాళ్ల రోడ్లకు, బ్రేకులున్న వాళ్ల ట్రైలర్లకు చెప్పిన మాట. మన రోడ్లకు, మన గల్లీలో వెల్డింగ్ చేసిన ట్రైలరుకు నేనైతే సగం అంటాను. ట్రైలరు 770 అయితే లాగే బండి 1540 కిలోలకు తక్కువ ఉండొద్దు.

ఎందుకంత అంటారా? సాంచా మీద పనిచేసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. సాంచాను తిప్పడానికి మోటారు చాలు. పేక తెగినప్పుడు ఆపేది బ్రేకు. బ్రేకు వదులుగా ఉంటే సాంచా ఇంకో రెండు మూడు దెబ్బలు కొట్టి ఆగుతది, బట్టలో సందు పడుతది. మోటారు ఎంత మంచిదైనా ఆ సందు పూడ్చలేదు. ట్రైలరు కూడా అంతే. లాగే బలం అందరూ చూస్తారు, ఆపే బలం ఎవరూ చూడరు.

పండరిపురం రోడ్డు చదును. ఆ రోడ్డు మీద చిన్న బండి కూడా ట్రైలరును లాగుతది, పిల్లలు మురుస్తారు. తుల్జాపూర్ అట్ల కాదు, ఊరు దగ్గరికొస్తే ఘాటు ఎక్కాలె, తిరిగి వచ్చేటప్పుడు అదే దిగాలె. పది అడుగులు పోతే ఒక అడుగు దిగే రోడ్డు అనుకోండి. 770 కిలోల ట్రైలరు ఆ దిగుడులో 77 కిలోల తోపుతో వెనకనుంచి నెడుతది. ఒక బలమైన మనిషి మీ వీపు మీద రెండు చేతులు పెట్టి, కింద చదును వచ్చేదాకా ఊపిరి తీసుకోకుండ నెట్టినట్టు. ఆ తోపు కూడా లాగే బండి బ్రేకుల మీదనే పడుతది. కాలు బ్రేకు మీదనే పెట్టి దిగితే బ్రేకులు కాగిపోతాయి, కాగిన బ్రేకు తొక్కినా పట్టదు. అందుకే ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని పాత డ్రైవర్లు అంటారు. ఇంకో మాట. వేగం రెండింతలైతే అదే దూరంలో ఆపడానికి కావలసిన బలం నాలుగింతలు. ముప్పైలో ఆగిన బండి అరవైలో కూడా అట్లనే ఆగుతదనుకోవద్దు.

ట్రైలరుకు తన సొంత బ్రేకు పెట్టించవచ్చు. బండి నెమ్మదించినప్పుడు ట్రైలరు ముందుకు తోస్తది కదా, ఆ తోపుతోనే దాని చక్రాల బ్రేకు పడే ఏర్పాటు ఉంటది. బ్రిటన్‌లో 750 కిలోల పైన తూగే ట్రైలరుకు బ్రేకు తప్పనిసరి. మన లెక్క 770. ఫ్యాబ్రికేషన్ షాపులో "ఇంత చిన్నదానికి బ్రేకు ఎందుకు" అంటే ఆ మాట వినొద్దు. పైన రంగు, బొమ్మలు, స్టీలు పట్టీలు తగ్గించుకుని ఆ పైసలు బ్రేకుకు పెట్టండి.

ఇప్పుడు బండ్ల పేర్లు. ముగ్గురు పిల్లలూ మూడు పేర్లు చెప్పారు.

ఒకరు ఈకో వ్యాను అన్నారు. ఇంటిల్లిపాది కూర్చోవచ్చు, నిజమే. దాని ఖాళీ బరువు సుమారు 940 కిలోలు. 770 ట్రైలరు దానికి నూటికి ఎనభై పైన పడ్డది. బ్రిటన్ లెక్కలో కాగితం మీద పాస్ అవుతది, ఘాటులో కాదు. 1200 సీసీ పెట్రోలు ఇంజను, తిప్పే బలం వంద న్యూటన్ మీటర్ల చిల్లర, అది కూడా ఇంజను బాగా తిరిగినప్పుడే అందుతది. ఎక్కుడు మీద ఆగి మళ్లీ కదలాలంటే క్లచ్చు వాసన వస్తది. దానికి కింద లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు, రేకు ఒళ్లే దాని ఎముకలు. కొక్కెం ఎక్కడ బిగించాలన్నది కూడా కష్టమే.

ఇంకొకరు ఛోటా హాథీ, అంటే టాటా ఏస్ అన్నారు. 2005లో వచ్చిన మొదటి ఏస్‌కు రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్ పవర్. తర్వాతవి కొంచెం పెరిగాయి. అది తన వీపు మీద ముప్పావు టన్ను మోయడానికి పుట్టిన బండి. వెనక ఇంకో ముప్పావు టన్ను ఈడ్చడానికి కాదు. కానీ ఇక్కడ ఒక ఉపాయం ఉన్నది. మన మాలు, సామాను కలిపితే నాలుగు వందల కిలోలు లేదు. అది ఏస్ వీపు మీదనే పడుతది. పైన తాడపత్రి కప్పుకుంటే దుకాణం అదే, పడక అదే. ఒక్క బండితో పని అయితే రెండోది ఎందుకు? జాతరలో ట్రైలరును విడిచి, బండి వెనక్కి వచ్చి మళ్లీ మాలు తెచ్చే అవసరం ఉన్నవాళ్లకే ట్రైలరు లాభం. ఒక్కసారి మాలు తీసుకుపోయి అమ్ముకుని వచ్చేవాళ్లకు ట్రైలరు దండగ.

మూడో అతను పాత బొలెరో చూశాడు. ఈ మూడింటిలో ట్రైలరుకు తగింది అదే. కింద విడిగా ఛాసిస్ ఉంటది, కొక్కెం దానికి బోల్టులతో బిగించవచ్చు. వెనక చక్రాలు నడిపే బండి, కొక్కెం మీద బరువు పడితే ఆ చక్రాలకు పట్టు పెరుగుతది. ఖాళీ బరువు సుమారు 1600 కిలోలు, మన ట్రైలరు దానికి సగం లోపలే. 1500 సీసీ డీజిల్‌ది అయితే 75 హార్స్ పవర్ దాకా, 210 న్యూటన్ మీటర్ల దాకా ఉంటది. అంటే వ్యానుకు దాదాపు రెండింతల తిప్పే బలం, అది కూడా ఇంజను నిదానంగా తిరిగేటప్పుడే. ఘాటు మీద కావలసింది అదే. పికప్ అయినా సరే, కానీ ఖాళీ పికప్ వెనక తేలిక, వానలో జారుతది. సగం మాలు దాని తొట్టిలో వేసి ట్రైలరును తేలిక చేసుకోవాలె. ఏ బండి అయినా కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ట్రైలరు లాగొచ్చని ఉన్నదా, ఎంత బరువు దాకా అని ఉన్నదా, చూసి కొనండి. పాత బండి అయితే ఛాసిస్ కింద తుప్పు, వెల్డింగ్ అతుకులు పండుకుని చూడండి.

ట్రైలరులో మాలు సర్దడం కూడా బండి ఎంపికంత ముఖ్యం. మొత్తం బరువులో పదో వంతు, మన లెక్కకు 77 కిలోలు, ముందు కొక్కెం మీద పడాలె. నూలు గోదాముల్లో కోన్ల బస్తాలు తూచే కాంటా కొక్కెం కింద, బండికి తగిలించే ఎత్తులో పెట్టి చూడండి. తక్కువ పడితే ట్రైలరు తోక ఆడిస్తది. నేను టెంపో నడిపే రోజుల్లో హైదరాబాదు రోడ్డు మీద నా ముందు ఒక జీపు ట్రైలరుతో పోతున్నది. మాలంతా వెనక తలుపు దగ్గర పేర్చారు. దిగుడులో మొదట కొద్దిగా ఊగింది, నాలుగో ఊపుకు జీపును కూడా అడ్డం తిప్పేసింది. మనుషులు బతికారు, మాలు రోడ్డంతా పరుచుకున్నది. ఎక్కువ పడితే బండి వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ మాట వినదు. బరువైనవి కింద, ఇరుసు మీదికి వచ్చేట్టు పెట్టండి. నడిచే ట్రైలరులో మనిషిని, ముఖ్యంగా పిల్లల్ని కూర్చోబెట్టొద్దు.

కాగితాల సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలరు కూడా వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ కావాలె, నంబరు కావాలె. షాపువాడు ఇచ్చే బిల్లు రిజిస్ట్రేషన్ కాదు. వెల్డింగ్ మొదలుపెట్టకముందే ఆర్టీఓ ఆఫీసులో గీత గీసి చూపించి, ఇట్లాంటిది రిజిస్టరు అయితదా అని అడగండి. చేయించాక అడిగితే కుదరదంటే ఇనుము మిగులుతది. వ్యాపారానికి తిప్పుతున్నామని, వెనక ట్రైలరు తగిలిస్తున్నామని ఇన్సూరెన్సువాళ్లకు ముందే చెప్పి కాగితం మీద రాయించుకోండి. చెప్పకుండా తిప్పి ఏదన్నా జరిగితే, ప్రీమియం కట్టిన కాగితం చేతిలో ఉండి కూడా తిరగాల్సి వస్తది.

ఇంక అక్క అడిగిన మాటకు వస్తాను. ఈ జాతరలన్నీ కలిపితే ఏడాదిలో ఎన్ని రోజులు? కిస్తు మాత్రం పన్నెండు నెలలూ కట్టాలె. ట్రైలరు లేని రోజున కూడా సంపాదించే బండి అయితేనే కొనండి. వారం సంతలకు మాలు మోయాలె, ఎవరన్నా కిరాయికి పిలిస్తే పోవాలె. ఆ పని మీ ఇంట్లో చేసేవాళ్లు లేకపోతే మొదటి ఏడాది బండి కొనొద్దు. తెలిసినవాళ్ల పికప్ కిరాయికి మాట్లాడుకుని, అందులో మాలు వేసుకుని రెండు జాతరలు చేయండి. అమ్మింది, ఖర్చయింది ఒక నోటుబుక్కులో రాయండి. ఆ లెక్క చూశాక బంగారం తీయాలో వద్దో అక్కకే తెలుస్తది, నన్ను అడగాల్సిన పని లేదు. బండి పాతదవుతే సగం ధరకు పోతది. మెడలోది అట్ల కాదు.

తమ్ముళ్లారా, మీ తొందర నాకు అర్థమయితది. సాంచా కాడ నిలబడి నిలబడి మీ నాయనల మోకాళ్లు ఏమైనయో మీరు చూస్తున్నారు. సొంతంగా నిలబడండి, వాడ అంతా సంతోషిస్తది. కాకపోతే వరస తప్పొద్దు. ముందు కాంటా చీటీ, తర్వాత ఘాటు, తర్వాత ఆర్టీఓ, అన్నిటికన్నా చివర బయానా. ఆదివారం పొద్దున గుడి అరుగు మీద నేను ఉంటాను. చీటీ పట్టుకుని రండి, కూర్చుని లెక్క చూద్దాం. వచ్చేటప్పుడు అమ్మను కూడా తీసుకుని రండి. పైసలు ఆమెవి.